సముద్ర మట్టం నుంచి 41 మీటర్లు: రన్‌వే దగ్గర ఆగిపోయిన ఒక అపార్ట్‌మెంట్ కేసు

విజయవాడలో ప్లాన్లు గీసి, అప్రూవల్స్ చేయించే ఎల్‌టీపీగా, అంటే లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడిగా, చాలా ఏళ్ళ నుంచి పనిచేస్తున్నాను. గన్నవరం వైపు పనులు పెరిగాక, విమానాశ్రయం దగ్గర ఇంత ఎత్తు కట్టుకోవడానికి అభ్యంతరం లేదని ఇచ్చే ఎత్తు ఎన్‌ఓసీ ఫైళ్ళు కూడా నా దగ్గరికి తరచుగా వస్తున్నాయి. వాటిలో ఒకటి ఇక్కడ రాస్తున్నాను. నేల ఎత్తు కొలవకుండా అంకె వేసేసే ఇదే తప్పు ఇంకో నాలుగు చోట్ల చూశాను కాబట్టి నలుగురికీ తెలియాలనిపించింది. ఊరి పేరు, కుటుంబం వివరాలు ఇవ్వడం లేదు. స్థలాన్ని గుర్తుపట్టకుండా అంకెలు కొద్దిగా జరిపాను. లెక్క చేసిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే.

నేపథ్యం

గన్నవరం ఎయిర్‌స్ట్రిప్ రెండో ప్రపంచ యుద్ధం నాటిది. చాలా కాలం రోజుకు ఒకటీ రెండు విమానాలే చూసిన ఊరు అది. 2014లో రాష్ట్రం విడిపోయి రాజధాని ఇటు వచ్చాక కథ మారింది. 2017 మేలో కేంద్ర కేబినెట్ అంతర్జాతీయ హోదాకు ఒప్పుకుంది. 2018 డిసెంబరులో సింగపూర్ విమానం మొదలై కొన్ని నెలలకే ఆగిపోయింది. 2022 అక్టోబరు 31న షార్జా సర్వీసు వచ్చింది. ఈలోగా రన్‌వే 2,286 మీటర్ల నుంచి 3,360 మీటర్లకు పెరిగి 2021లో వాడకంలోకి వచ్చింది.

రన్‌వే పెరిగిందంటే పెద్ద విమానాలు దిగుతాయని అందరం సంతోషించాం. రన్‌వే చివర జరిగితే, ఆ చివర నుంచి ఆకాశంలోకి లేచే ఒక కనపడని వాలు కూడా దాంతో పాటే జరుగుతుంది. ఆ సంగతి పక్క ఊళ్ళలో స్థలాలున్న వాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఇంజనీర్లలో కూడా చాలామందికి తెలియదు.

ఆ వాలును అప్రోచ్ సర్ఫేస్ అంటారు. ఐఎల్‌ఎస్ (పైలట్‌కి దిగే దారి చూపించే యంత్రం) ఉన్న పెద్ద రన్‌వేకి ఇది థ్రెషోల్డ్‌కి, అంటే విమానం దిగే వైపు రన్‌వే మొదలయ్యే గీతకి, 60 మీటర్ల అవతల మొదలై, మొదటి 3 కిలోమీటర్లూ 2 శాతం వాలుతో పైకి లేస్తుంది. వెళ్ళేకొద్దీ రెండు వైపులా 15 శాతం చొప్పున వెడల్పవుతుంది. 2 శాతం వాలు అంటే, వంద అడుగులు దూరం జరిగితే రెండడుగుల ఎత్తు దొరుకుతుంది. కిలోమీటరు అవతల ఉన్న స్థలానికి కూడా రన్‌వే చివరి మట్టం మీద సుమారు 19 మీటర్లే. స్టిల్ట్ ప్లస్ ఫైవ్, అంటే కింద పార్కింగు, పైన అయిదంతస్తులున్న అపార్ట్‌మెంట్‌కి నెత్తి మీద ట్యాంకు పెడితే ఆ గీత దాటిపోతుంది.

నా క్లయింట్లు ఇద్దరు అన్నదమ్ములు. పెద్దాయన వ్యవసాయం చేస్తారు, చిన్నాయన షార్జాలో ఉద్యోగం. విమానాశ్రయం విస్తరణకు వాళ్ళ పొలం కొంత పోయింది. మిగిలిన చెక్కలో పన్నెండు వందల గజాలు ఒక బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. ప్లాను స్టిల్ట్ ప్లస్ ఫైవ్. అయిదో అంతస్తులో రోడ్డు వైపు ఫ్లాటు చిన్నాయనది. విమానం దిగేటప్పుడు కిటికీలోంచి మా ఇల్లు చూపిస్తానని పిల్లలకు మాటిచ్చాడట.

సమస్య ఎలా బయటపడింది

వాళ్ళు నా దగ్గరికి వచ్చేటప్పటికి రెండు శ్లాబులు పడ్డాయి, మూడోదానికి సెంట్రింగ్ కడుతున్నారు. ఫ్లాటు బుక్ చేసుకున్న ఒకాయన హోమ్ లోన్‌కి వెళితే, బ్యాంకు ప్యానెల్ ఇంజనీరు ఎన్‌ఓసీ కాగితం చూసి ఒక్క ప్రశ్న వేశాడు: "ఇందులో సైట్ ఎలివేషన్ 12 మీటర్లు అని ఉంది, ఎవరు కొలిచారు?" ఎవరి దగ్గరా సమాధానం లేదు. అందుకే నా దగ్గరికి వచ్చారు.

కాగితం అసలైనదే. అందులో అనుమతించిన టాప్ ఎలివేషన్ 36 మీటర్లు. పెద్దాయన ఆ అంకె మీద వేలు పెట్టి, "36 మీటర్లు ఇచ్చారండీ, మేము కట్టేది 24. ఇంకా పన్నెండు మిగిలిందిగా, మాకెందుకు టెన్షన్?" అన్నారు.

ఆ 36 నేల మీద నుంచి లెక్క కాదు, సముద్ర మట్టం నుంచి. రైల్వే స్టేషన్‌లో పసుపు రంగు బోర్డు కింద చిన్న అక్షరాలతో సముద్ర మట్టం నుంచి ఇన్ని మీటర్లు అని రాస్తారు కదా, ఆ కొలత అన్నమాట. అందులోంచి మన నేల ఎత్తు తీసేస్తే మిగిలేదే మన బిల్డింగ్‌కి. కాగితం ప్రకారం 36లో 12 పోతే 24. బిల్డర్ మనిషి దరఖాస్తు చేసింది ఆ లెక్కతోనే, అంతవరకు సరిపోయింది. ఇక తేలాల్సింది ఆ నేల నిజంగా 12 మీటర్ల మీదే ఉందా అన్నదే.

అతన్ని పిలిపించి అడిగాను. కుర్రాడు దాచకుండా చెప్పాడు. స్థలం మధ్యలో నిలబడి ఫోన్ యాప్‌లో చూస్తే ఎత్తు మైనస్ 54 వచ్చిందట. సముద్రం కంటే 54 మీటర్లు కింద ఎలా ఉంటాం, ఫోన్ పాడైందనుకుని, ఇంటర్నెట్‌లో విజయవాడ ఎత్తు 12 మీటర్లని చూసి అదే వేసేశాడు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. అతని ఫోన్ పాడవలేదు. జీపీఎస్ లెక్కగట్టేది భూమికి బదులుగా ఊహించుకున్న, ధ్రువాల దగ్గర కాస్త అణిగిన ఒక నున్నటి బంతి ఆకారం మీద నుంచి. దాన్ని ఎలిప్సాయిడ్ అంటారు. నిజమైన సముద్ర మట్టం భూమ్యాకర్షణ తేడాల వల్ల ఎగుడుదిగుడుగా ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద అది అన్నిటికంటే లోతుగా ఉన్న చోటు మనకు దగ్గర్లోనే, శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఉంది. అక్కడ తేడా సుమారు 106 మీటర్లు. మన విజయవాడ దగ్గర 70 మీటర్లకు పైనే. ఆ తేడా సరిచేయని యాప్ ఇక్కడ మైనస్‌లు చూపించడం సహజం. ఆ మైనస్ 54కి ఇక్కడి తేడా కలిపి ఉంటే ఇంచుమించు సరైన ఎత్తే వచ్చేది. కుర్రాడు ఉన్న ఆధారం పారేసి ఊరి మొత్తానికి రాసిన అంకె పట్టుకున్నాడు.

మొదటి నిర్ణయం: పని ఆపడం, కొలవడం

నేను పెట్టిన మొదటి షరతు మూడో శ్లాబు ఆపమని. బిల్డర్ ఒప్పుకోలేదు. "సార్, ఈ ఒక్క శ్లాబు పోసి ఆపుదాం, సెంట్రింగ్ అద్దె పోతుంది" అన్నాడు. మూడో శ్లాబు ఎత్తు ఎలాగూ పరిమితిలోనే ఉంటుంది, ఆ మాట నిజమే. అయినా వద్దన్నాను. అంతస్తుల మధ్య ఎత్తు తగ్గించాల్సి వస్తే ఆ శ్లాబు కూడా మన చేతిలో ఉండాలి. పోశాక దాన్ని కిందికి దించలేం. ఇంకో కారణం, ఎన్‌ఓసీలోనే ఒక షరతు ఉంటుంది: ఇచ్చిన వివరాలు తప్పని ఎప్పుడు తేలినా ఆ ఎన్‌ఓసీ చెల్లదు. తప్పేమోనని తెలిశాక పోసే ప్రతి బస్తా సిమెంటూ తెలిసి చేసిన పని కిందికే వస్తుంది.

కొలత రెండు దారుల్లో చేయించాను. ఒకటి, సర్వే ఆఫ్ ఇండియా బెంచ్‌మార్క్ (సముద్ర మట్టం నుంచి ఎత్తు ముందే తెలిసిన గుర్తు రాయి) నుంచి, మట్టం చూసే ఆటో లెవెల్ పరికరంతో సైటు దాకా మట్టం మోసుకురావడం. తెల్లవారుజామున ఎండ రాకముందే మొదలుపెట్టాం, ఎండెక్కితే నేల మీద గాలి అలలు ఆడి, స్టాఫ్ అనే కొలత కర్ర మీద అంకె నిలవదు. సర్వేయరు లెవెల్‌లో చూస్తుంటే అతని అసిస్టెంటు స్టాఫ్‌ని మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపుతాడు. కనిపించిన రీడింగుల్లో తక్కువది రాసుకోవాలి, కర్ర నిటారుగా ఉన్నప్పుడే తక్కువ వస్తుంది. అలా గట్టు వెంట సైటు దాకా వచ్చి, మళ్ళీ అదే దారిలో వెనక్కి వెళ్ళి బెంచ్‌మార్క్ మీద ముగించాం. తేడా 8 మిల్లీమీటర్లు. రెండోది డీజీపీఎస్‌తో (ఫోన్ కంటే చాలా కచ్చితంగా కొలిచే సర్వే జీపీఎస్) తీసి, ఇందాక చెప్పిన తేడా సరిచేసుకోవడం. రెండూ పదిహేను సెంటీమీటర్ల లోపు కలిశాయి. ఒక్క పద్ధతి చాలదా అంటే చాలదు. పాత గుర్తులు ఒక్కోసారి రోడ్డు పనుల్లో కదిలి ఉంటాయి, వేరే దారిలో సరిచూసుకోకపోతే తెలియదు.

నేల ఎత్తు 21 మీటర్లు వచ్చింది. రెండింట్లో ఎక్కువ వచ్చిన అంకెనే తీసుకున్నాను. ఎత్తు పరిమితి విషయంలో అనుమానం ఉంటే మనకు నష్టం వచ్చే వైపే నిలబడాలి.

అంటే 24 మీటర్లు కడితే పైభాగం 45కి వెళుతుంది. చేతిలో ఉన్న కాగితం 36.

ఏమేం ప్రయత్నించాం

మొదట సరైన వివరాలతో కొత్తగా దరఖాస్తు చేశాం, 45 అడిగాం. రాదని నాకు తెలుసు. అయినా ఆ చోట నిజంగా ఎంత దొరుకుతుందో అధికారికంగా తెలిస్తే మిగతా మాటలన్నీ దాని మీద నిలబడతాయి. విమానాశ్రయం చుట్టూ ఎత్తు పరిమితులను రంగుల్లో చూపించే మ్యాపులో ఇది ఎర్రగా ఉన్న చోటు, లోకల్ అథారిటీ సొంతంగా తేల్చేది కాదు, నేరుగా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్‌ఓసీ కావాలి. వచ్చిన అంకె 41. నేల నుంచి 20 మీటర్లు.

అన్నదమ్ములు తర్వాత అడిగింది పక్క బిల్డింగ్ గురించి. "వాళ్ళు అయిదంతస్తులు కట్టుకుని ఉంటున్నారుగా, మాకే ఎందుకు రాదు?" న్యాయమైన ప్రశ్నే. ముందే ఉన్న శాశ్వతమైన అడ్డం నీడలో ఇంకో బిల్డింగ్‌కి వీలు కల్పించే పద్ధతి ఒకటి ఉంది, షీల్డింగ్ అంటారు. పక్కాయన కాగితాలు చూడమన్నాను. ఎత్తు ఎన్‌ఓసీ అసలు తీసుకోలేదు, రన్‌వే పెరగకముందు కట్టింది. అలాంటి బిల్డింగ్‌ని చూపించి మనం ఎత్తు అడిగితే, మనకు రాకపోగా ఆయన్ని ఇరికించిన వాళ్ళమవుతాం. ఆ దారి వదిలేశాను. అప్పీలు, ఏరోనాటికల్ స్టడీ (పరిమితి దాటినా విమానాలకు ప్రమాదం ఉందా లేదా అని చేసే అధ్యయనం) అనే మాట కూడా వచ్చింది. అది ఎక్కువగా విమానాశ్రయం చుట్టూ ఉండే చదునైన పరిమితి దగ్గర పనికొస్తుంది. దిగే దారికి సరిగ్గా కింద ఉన్న స్థలానికి దాని మీద డబ్బు, నెలలు పెట్టమని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

ఆ తర్వాతది నేను చేసిన ప్రయత్నమే, విఫలమైంది కూడా నాదే. అయిదంతస్తులూ ఉంచి 24ని 20లోకి ఇరికించాలని చూశాను. లెక్క ఇలా ఉంది. టెర్రస్ మట్టం 18 మీటర్లు. దాని మీద మెట్లను కప్పే గది, అంటే హెడ్‌రూమ్ 2.6. హెడ్‌రూమ్ మీద ట్యాంకు దిమ్మెతో కలిపి 2.4. పైన పిడుగు కడ్డీ ఒక మీటరు. మున్సిపల్ లెక్కల్లో ట్యాంకు, లిఫ్టు గది లాంటివి బిల్డింగ్ ఎత్తులోకి మామూలుగా రావు. విమానాశ్రయం లెక్కలో అన్నీ వస్తాయి: ట్యాంకు, యాంటెన్నా, పిడుగు కడ్డీ, అన్నిటికంటే పైన ఏది ఉంటే అది. మా వృత్తిలో చాలామంది బోల్తాపడేది ఇక్కడే. పద్దెనిమిది మీటర్ల బిల్డింగ్ అని మనం నోటితో అంటాం, ఆకాశంలో అది ఇరవై నాలుగు.

ట్యాంకు తీసేసి సంపు నుంచి ప్రెషర్ పంపులతో నీళ్ళు, మెషిన్ రూమ్ లేని లిఫ్టు, పోయాల్సిన నాలుగు శ్లాబుల దగ్గరా పది సెంటీమీటర్ల చొప్పున కోత, హెడ్‌రూమ్ 2.3కి తగ్గింపు. అన్నీ కలిపితే 19.9 మీటర్లు. కాగితం మీద నెగ్గాం. బిల్డర్ అప్పుడే సెంట్రింగ్ వాళ్ళకు ఫోన్ చేశాడు.

ఆ రాత్రి మళ్ళీ లెక్కేసుకుంటే నాకు నిద్ర పట్టలేదు. మిగిలింది పది సెంటీమీటర్లు. మన సైట్లలో శ్లాబు ఒక్కోటి సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు మందంగా పడడం రోజూ చూసేదే. అయిదో శ్లాబు దాటేసరికి ఆ మార్జిన్ ఉండదు. టైల్స్ వేశాక గదుల ఎత్తు 2.75 మీటర్లు నిలవదు. పిడుగు కడ్డీకి చోటే లేదు, చుట్టూ పొలాలున్న బిల్డింగ్‌కి అది లేకుండా ఎలా ఒప్పుకుంటాం? రేపు ఎవరో టెర్రస్ మీద సోలార్ హీటర్ పెట్టినా పరిమితి దాటినట్టే. పొద్దున్నే వెళ్ళి ఆ డ్రాయింగ్ వెనక్కి తీసుకున్నాను. ముందు రోజు సరేనన్న మనిషి ఇప్పుడు కాదంటున్నాడని బిల్డర్‌కి కోపం వచ్చింది. కోపం రావడంలో తప్పులేదు.

పెద్దాయన ఒప్పుకున్న రోజు

మిగిలింది అయిదో అంతస్తు వదులుకోవడం. ఆ మాట చెప్పగానే పెద్దాయన, "రన్‌వేకి పొలం ఇచ్చింది మేము. ఇప్పుడు మా ఇల్లు ఎంత ఎత్తుండాలో కూడా వాళ్ళే చెప్తారా ఇంజనీరు గారూ?" అన్నారు. నా దగ్గర దీనికి జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆ బాధకు రూల్ పుస్తకంలో మందు ఉండదు.

అది జనవరి. రెండు రోజుల తర్వాత పొద్దున సైటుకి వెళితే ఆయన ముందే వచ్చి రెండో శ్లాబు మీద నిలబడి ఉన్నారు. గన్నవరంలో ఆ నెలలో పొగమంచు ఎలా ఉంటుందో హైవే మీద వెళ్ళేవాళ్ళకు తెలుసు. పక్క బిల్డింగ్ కూడా కనపడడం లేదు. అంతలో విమానం చప్పుడు వినిపించింది. దగ్గరికి వస్తోంది, ఇంకా దగ్గరికి. చేతిలో టీ గ్లాసు వణికింది. నెత్తి మీదుగా వెళ్ళిపోయింది. మాకు లైటు వెలుగు కూడా కనపడలేదు.

కాసేపటికి ఆయన అడిగారు, "మనకు వాడు కనపడలేదు. వాడికి మనం కనపడ్డామంటారా?"

కనపడలేదని, అందుకే కింద నుంచి ఏదీ ఆ వాలు దాటి పైకి రాకూడదని చెప్పాను. యంత్రం చూపించిన దారిలో దిగుతున్న పైలట్ చివరి క్షణంలో రన్‌వే కనపడక మళ్ళీ పైకి లేపాల్సి వస్తే, కింద ఖాళీ ఉందన్న నమ్మకం మీదే ఆ పని చేస్తాడు. ఆయన అక్కడే తమ్ముడికి ఫోన్ కలిపారు. "చిన్నోడా, అయిదో అంతస్తు వద్దులేరా. నువ్వొచ్చే విమానం కూడా ఇట్నుంచే దిగుద్ది" అన్నారు. అవతల నుంచి చాలాసేపు మాట లేదు.

ఏది పనిచేసింది

స్టిల్ట్ ప్లస్ ఫోర్. టెర్రస్ 15 మీటర్లు, హెడ్‌రూమ్ 17.6, కడ్డీతో 18.6. ట్యాంకుని హెడ్‌రూమ్ నెత్తి మీద నుంచి దించి టెర్రస్ మీద పక్కన పెట్టాం. పై అంతస్తుకు నీళ్ళ ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి చిన్న ప్రెషర్ పంపు. మిగిలిన మార్జిన్ 1.4 మీటర్లు. ఇంత ఎందుకు, కాస్త తగ్గించి హెడ్‌రూమ్ పెంచుకుంటామని బిల్డర్ అడిగాడు. ఆ మార్జిన్ మనుషుల కోసమని చెప్పాను. డిష్, సోలార్, దసరాకి కట్టే లైట్ల కర్రలు, ఇవన్నీ ప్లానులో ఉండవు, టెర్రస్ మీదికి మాత్రం తప్పకుండా వస్తాయి.

సవరించిన ప్లాను పాసై, పని మళ్ళీ మొదలయ్యేసరికి అయిదు నెలలు పట్టింది. ఆగినన్నాళ్ళూ స్తంభాల పైకి వచ్చిన కడ్డీలకు సిమెంటు పాలు పూయించాను. మళ్ళీ మొదలుపెట్టే ముందు బ్రష్‌తో రుద్దించి చూస్తే పైపై తుప్పే ఉంది.

కాంక్రీటు పోయడానికి బిల్డర్ బూమ్ పంపు మాట్లాడుకున్నాడు. దాని చేయి పూర్తిగా లేపితే ముప్పై మీటర్లు దాటుతుంది. బిల్డింగ్ పరిమితిలో ఉండి, దాన్ని కట్టే యంత్రం పరిమితి దాటితే అదీ అడ్డమే. క్రేన్ల లాంటి వాటికి విడిగా అనుమతి ఉండాలి. లైన్ పంపు పెట్టించి, పైపులు గోడ వెంట పైకి లాగించాం. అరపూట ఎక్కువ పట్టింది.

నష్టం ఎవరిదన్నది ఇంకో యుద్ధం. దరఖాస్తు మీద సంతకం ఓనర్లది, అంకె వేసింది బిల్డర్ మనిషి. ఎవరికి వారు న్యాయం తమవైపే ఉందన్నారు. ఇది నా పని కాకపోయినా ఒక మాట చెప్పాను: కోర్టుకి వెళితే తీర్పు వచ్చేసరికి ఇనుము మిగలదు, అగ్రిమెంటులో ఫ్లాట్లు పంచుకున్న నిష్పత్తిలోనే పోయిన అంతస్తునీ పంచుకోండని. ఇద్దరికీ నచ్చలేదు, ఇద్దరూ ఒప్పుకున్నారు. అయిదో అంతస్తు బుక్ చేసుకున్న రెండు కుటుంబాలకు అడ్వాన్సు తిరిగిచ్చారు. చిన్నాయనకు అన్నగారు నాలుగో అంతస్తులో తన ఫ్లాటు ఇచ్చేశారు.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఏ పని వచ్చినా ప్లాను గీయకముందే మట్టం కొలిపిస్తాను. క్లయింట్ ఖర్చంటే, కొలత కాగితం లేకుండా సంతకం పెట్టనని చెప్తాను. కో-ఆర్డినేట్లు, ఎలివేషన్ సరిగ్గా ఉండే బాధ్యత దరఖాస్తు చేసిన వాళ్ళదేనని ఎన్‌ఓసీలోనే ఉంటుంది. మనం 12 వేసినా 21 వేసినా అవతల ఎవరూ స్థలానికి వచ్చి కొలవరు, తప్పు అంకె మీదే సరైన లెక్క చేసి కాగితం ఇచ్చేస్తారు. మా ఆఫీసు డ్రాయింగుల్లో సెక్షన్ పక్కన రెండు స్కేళ్ళు వేస్తున్నాం, ఒకటి నేల నుంచి, ఒకటి సముద్ర మట్టం నుంచి. మేస్త్రీలకు మొదటిది, మాకు రెండోది.

పరిమితి సంగతి సేల్ డీడ్‌లో, అసోసియేషన్ నియమాల్లో రాయించాను. బిల్డర్ వెళ్ళిపోతాడు, నేనూ ఉండను, టెర్రస్ ఉంటుంది. గృహప్రవేశాలు అయిన కొన్నాళ్ళకే సెల్ టవర్ పెడతామని, నెలకింత అద్దె ఇస్తామని ఒకతను వచ్చాడట. పెద్దాయన ఆ పేజీ తీసి చూపించి పంపించేశారు.

పూర్తయ్యాక చివరి కొలత తీశాం. పిడుగు కడ్డీ కొన 39.71 మీటర్లు. ప్లాను ప్రకారం 39.60 రావాలి, శ్లాబుల దగ్గర పదకొండు సెంటీమీటర్లు పెరిగాయి. ఆ రోజు సర్వేయరు లెవెల్ సర్దుకుంటుంటే పక్క బిల్డింగ్ ఆయన గోడ అవతల నిలబడి చూస్తున్నారు. కాసేపయ్యాక గేటు తీసుకుని వచ్చి, "మాది కూడా ఒకసారి కొలుస్తారా అండీ" అని అడిగారు. స్టాఫ్ పట్టుకుని కుర్రాడు ఆయన వెంట మెట్లెక్కాడు. ట్యాంకు మూత దగ్గర రీడింగు రాసుకున్నాం, గీత దాటే ఉంది. ట్యాంకు కిందికి దించడానికి ఎంతవుతుందో ఎస్టిమేట్ అడిగారు. ఆ ఫైలు ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది.